ఆరు మీటర్లలో ఎక్కడో

మే నెలలో ఒక సోమవారం పొద్దున, ఒమాన్‌లో సలాలా పక్కనున్న రైసూత్‌లోని మా సైట్‌లో మెట్లెక్కుతూ ముప్పై ఒకటో మెట్టు మీద ఆగిపోయాను. మొత్తం మెట్లు యాభై నాలుగు. వాటికి ఎంత రాడ్ పడుతుందో లెక్క కట్టింది నేనే కాబట్టి ఆ సంఖ్య నాకు గుర్తు. అంతకు ముందు రోజు వరకూ వాటిని రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగినవాణ్ణి. ఆ రోజు గుండె చెవుల్లో కొట్టుకుంది. రెయిలింగ్ ఇంకా బిగించలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను.

కింద ట్రెయిలర్ పక్కన నిలబడ్డ ఖాదర్ భాయ్ తలెత్తి చూశాడు. ఆయనది కడప. మా కంపెనీ డ్రైవర్, తొమ్మిదేళ్ళుగా నా రూమ్మేట్.

"ఏం గంగన్నా, మెట్లు గూడా టేపు పెట్టి కొలుస్తాండావా?"

"ఊపిరి ఆడ్తలేదు భాయ్."

"యాభై దగ్గరపడినాయి గదా. ఇంగ నువ్వు ఎక్కేది కాదు, క్రేనుతో ఎక్కించాల నిన్ను."

నవ్వాను. ఎండ వల్ల అనుకున్నాను. మేలో ఇక్కడ అందరూ ఏ నలతకైనా ఎండనే అంటారు.

నా పేరు గంగారాం. మాది జగిత్యాల వైపు. ఏడో తరగతి వరకే చదివాను. రాడ్ బెండింగ్ పనికి వచ్చి, ఫోర్‌మన్ పారేసిన కాగితాలు ఏరుకుని లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు డ్రాయింగ్ చూసి ఏ సైజు రాడ్ ఎన్ని మీటర్లు, ఎన్ని కిలోలు కావాలో నేనే రాసిస్తాను. యార్డులో స్టాకు కూడా నా చేతిలోనే ఉంటుంది. ఎంత వచ్చింది, ఎంత వాడాం, ఎంత మిగిలింది అని నెలాఖరుకు షీట్ పంపాలి. తేడా వస్తే చివరి గడిలో కారణం రాయాలి. దాన్ని రిమార్క్స్ అంటాం. కోతలో పోయిన ముక్కలకు 'వేస్టేజ్' అని రాస్తాను. తేడా మూడు శాతం లోపుంటే, పక్కన కారణం రాసి ఉంటే, పై ఆఫీసువాళ్ళు మళ్ళీ అడగరు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నా ప్రాణం మీదికి తెచ్చింది ఈ అలవాటే.

వారం తర్వాత క్లినిక్‌కి వెళ్ళాను. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 8.2 వచ్చింది. మగవాళ్ళకు 13 పైన ఉండాలని రిపోర్ట్ మీదే అచ్చు వేసి ఉంది. ఐరన్ తక్కువగా ఉందని డాక్టర్ మాత్రలు రాశాడు. "వీటివల్ల మోషన్ నల్లగా వస్తుంది. కంగారు పడకండి" అన్నాడు.

అప్పటికి పది రోజుల నుంచే నాకు నల్లగా అవుతోంది. ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. మాత్రలతో ఎలాగూ నల్లగానే వస్తుందని ఆయనే అన్నాడు కదా, ఇక చెప్పేదేముందిలే అనుకున్నాను.

రూమ్‌కి వచ్చి ఒక నోట్‌బుక్ తీశాను. తేదీ, హీమోగ్లోబిన్, మాత్రలు, మోషన్ రంగు, ఎన్నో మెట్టు దగ్గర ఆగాను, రిమార్క్స్. ఆరు గడులు. రంగు గడిలో 'నలుపు' అని, రిమార్క్స్‌లో 'మాత్రల వల్ల' అని రాశాను. ఆ తర్వాత ఆరు నెలల పాటు ఆ గడిలో ఆ రెండు మాటలే ఉన్నాయి.

జూలైకి 10.6 అయింది. యాభై నాలుగు మెట్లూ ఒక్కసారి ఆగి ఎక్కగలిగాను. ఆగస్టులో 10.1. సెప్టెంబర్‌లో 9.7. మాత్ర ఒక్కటీ మానలేదు, అయినా అంకె దిగుతోంది. అర పాయింటే కదా, వేస్టేజ్ అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. కానీ అప్పటికి ఖరీఫ్, అంటే ఇక్కడి వానాకాలం, చినుకులు పడుతున్నాయి. సలాలా అంతా చల్లగా, పచ్చగా ఉంది. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని జనం ఆ వాన చూడటానికి వస్తున్నారు. ఎండ వల్ల అనే సాకు ఇక లేదు. ఆ చల్లదనంలో మెట్లెక్కుతూ చెమటలు పట్టి ఆగినప్పుడు మొదటిసారి గట్టిగా భయం వేసింది.

పెద్ద ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేశారు. నోట్లోంచి గొట్టం వేసి పొట్ట చూశారు. "కొద్దిగా గ్యాస్ట్రైటిస్. బ్లీడింగ్ ఏం లేదు." అక్టోబర్‌లో 9.2. నవంబర్‌లో కొలనోస్కోపీ. కింది నుంచి పెద్దపేగంతా చూశారు. "చిన్న పైల్స్ ఉన్నాయి. మిగతా అంతా నార్మల్. క్యాన్సర్ లాంటిదేం లేదు." ఆ ఆఖరు మాట ఒక్కటే చాలనుకున్నాను. పార్కింగ్‌లో ఖాదర్ భాయ్ భుజం పట్టుకుని నిలబడ్డాను.

"రెండు గేట్లూ చూసినారు. దొంగ ల్యాడు," అన్నాడాయన.

"మరి మాల్ ఎట్ల తగ్గుతుంది భాయ్?"

"నీ లెక్కే తప్పుండాదేమో. ఎప్పుడన్నా ఒకసారి నువ్వు గూడా తప్పల్ల గదా."

కొలనోస్కోపీ కోసం వారం ముందే ఐరన్ మాత్రలు ఆపమన్నారు. అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టమన్నారు. నేను మొదలుపెట్టలేదు. మాత్రలతో మలబద్ధకం, కడుపులో మంట ఉండేవి. అంతా నార్మల్ అన్నారు కదా, నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుందాం అనుకున్నాను. కొలనోస్కోపీ ముందు కడుపు ఖాళీ చేయించారు కాబట్టి మూడు రోజులు రంగేమీ తెలియలేదు. నాలుగో రోజు మళ్ళీ నలుపు.

నోట్‌బుక్ తెరిచాను. మాత్రల గడిలో సున్నా. రంగు గడిలో నలుపు. రిమార్క్స్ దగ్గర పెన్ను ఆగింది. ఇక్కడ నేను ఆలోచించి ఉండాల్సింది. ఒక గడి సున్నా అయ్యాక పక్క గడి మారకపోతే, ఆ రెండింటికీ సంబంధం లేదని యార్డులో కొత్తగా చేరిన వాడికి కూడా నేనే చెబుతాను. కానీ భయపడ్డ మనిషి లెక్క వేరుగా చేస్తాడు. 'పాత మాత్రల మిగులు' అని రాశాను. మర్నాడూ అదే రాశాను. మాత్రలు ఆపిన రోజు నుంచి పందొమ్మిది రోజులు. తర్వాత ఆ పేజీ చూసుకుంటే, చివరి రోజుల్లో నా అక్షరాలు వంకరపోయి ఉన్నాయి.

పందొమ్మిదో రోజు యార్డులో పదహారు ఎంఎం రాడ్ల కట్ట లెక్కపెడుతున్నాను. ఇరవై మూడు దాకా గుర్తుంది. తర్వాత ఇసుకలో నా చెంప, పైన ఖాదర్ భాయ్ మొహం.

"అన్నా, కండ్లు తెరు. నన్ను జూడు. నాయాలా, లెక్క సగంలో వదిలేస్తే ఎట్ల?"

ఆయన అరుస్తున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గొంతు అలా వినడం అదే మొదలు.

ఎమర్జెన్సీలో హీమోగ్లోబిన్ 5.8. రెండు బ్యాగుల రక్తం ఎక్కించారు. అక్కడి డ్యూటీ డాక్టర్ ఒక మలయాళీ ఆవిడ. హిందీలో అడిగింది.

"మోషన్ ఎలా ఉంది?"

"నలుపు మేడమ్. ఐరన్ మాత్రల వల్ల."

ఆమె రాసుకుని పేజీ తిప్పబోయింది. నా నోట్‌బుక్ ఖాదర్ భాయ్ చేతిలో ఉంది. నేనెప్పుడూ ఆయన్ని దాన్ని ముట్టనివ్వలేదు. రక్తం ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చుని చదివినట్టున్నాడు. పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"మేడమ్, పందొమ్మిది రోజులుగా ఈయన మాత్రే వేసుకోలేదు. ఇదిగో సున్నా."

ఆమె ఆ పేజీ పైనుంచి కిందిదాకా చూసింది. పెన్ను పక్కన పెట్టింది.

"నలుపంటే ఎలాంటి నలుపు? గట్టిగానా, మెత్తగానా?"

"జిగురుగా. నీళ్ళు పోసినా పోదు. ఫౌండేషన్‌కు పూసే తారు లేదా, అట్ల. వాసన కూడా బాగా..." సిగ్గుతో ఆగాను.

"ఈ మాట ఇంతకు ముందు ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"మరి ఏం చెప్పారు?"

"మాత్రల వల్ల అని."

ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పింది. "ఐరన్ వల్ల వచ్చే నలుపులో కొంచెం ఆకుపచ్చ ఉంటుంది. తారులా జిగురుగా, చెడు వాసనతో ఉంటే అది రక్తం. లోపల అరిగిన రక్తం. మీరు మాకు కారణం చెప్పారు. మాకు కావాల్సింది కారణం కాదు, మీరు చూసింది."

ఏడు నెలలు, నలుగురు డాక్టర్లు. వాళ్ళు అడిగిన ప్రతిసారీ రిమార్క్స్ గడి నేనే నింపి ఇచ్చాను.

అప్పుడు ఆమె చిన్నపేగు గురించి చెప్పింది. పైనుంచి వేసే గొట్టం దాని మొదటి జానెడు దాకానే వెళ్తుంది. కింది నుంచి వేసేది దాని చివర ఆగిపోతుంది. మధ్యలో ఉన్నది రెండింటికీ అందదు.

"ఎంత పొడుగు ఉంటుంది మేడమ్?"

"మనిషిని బట్టి. ఇంచుమించు ఆరు మీటర్లు."

మా యార్డుకు వచ్చే రాడ్ పన్నెండు మీటర్లు. సగం రాడ్. అంత పొడుగు నా కడుపులో చుట్ట చుట్టుకుని ఉంది. అందులో ఎక్కడో కారుతోంది. ఇన్ని నెలల్లో అటువైపు ఎవరూ చూడలేదు. ఎక్కించిన రక్తం కూడా ఈపాటికి అటే పోతోందా అన్న ఆలోచన వచ్చింది. మంచం అంచు పట్టుకున్నాను.

క్యాప్సూల్ ఎండోస్కోపీకి మస్కట్ పంపారు. ఖాదర్ భాయ్ సెలవు పెట్టి నాతో విమానం ఎక్కాడు. అక్కడ వాడి కబీర్ అనే పేటలో ఆయన చెల్లెలు షమీమ్ ఇంట్లో దిగాం. షమీమ్ నన్ను చూడగానే, "భాయీజాన్, ఈ అన్నకు పెదాలే లేవు గదా, ఎర్రగా ఉండాల్సినవి" అంది. అద్దంలో చూసుకున్నాను. నిజమే. పెదాలూ మొహమూ ఒకే రంగులో ఉన్నాయి.

క్యాప్సూల్ అంటే మింగే కెమెరా. పెద్ద విటమిన్ బిళ్ళంత ఉంటుంది. అది ఫొటోలు తీసుకుంటూ పేగుల్లో వెళ్తుంది, నడుముకు కట్టిన పెట్టెలోకి అవి చేరతాయి. మింగే ముందు సంతకం చేయమన్నారు. లోపల ఎక్కడైనా పేగు ఇరుకై ఉంటే బిళ్ళ అక్కడే చిక్కుకోవచ్చు, అప్పుడు ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు అని ఆ కాగితంలో ఉంది. మూడుసార్లు చదివాను.

"మింగన్నా. నీ లోపల సినిమా తీస్తాండారు. విలన్ యాడ దాక్కున్నాడో సూద్దాం," అన్నాడు ఖాదర్ భాయ్.

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

పెట్టె కట్టుకుని ఎనిమిది గంటలు తిరిగాను. వాడి కబీర్ వీధిలో స్కూల్ బస్సులు వచ్చి ఆగాయి, పిల్లలు దిగారు. నా అడుగుకో ఫొటో లోపల పడుతూ ఉంది. అది ఇప్పుడు ఎన్నో మీటరు దగ్గర ఉందో అని లెక్క వేయబోయాను. వేగం తెలియదు, లెక్క రాలేదు. లెక్క రానిది నా ఒంట్లోనే ఉండటం అంత భయపెడుతుందని అప్పటి వరకు తెలియదు. బిళ్ళ మూడో రోజు బయటికి వచ్చింది.

నాలుగో రోజు డాక్టర్ స్క్రీన్ తిప్పి చూపించాడు. గులాబీ రంగు గోడ మీద ఒక గుండ్రటి ఉబ్బు. దాని నెత్తిన చిన్న గుంట. గుంటలోంచి సన్నగా ఎర్రటి దారం.

"చిన్నపేగు పైభాగంలో ఉంది. జెజునమ్ అంటాం. ఇది ట్యూమర్."

సీటీ స్కాన్‌లో 3.4 సెంటీమీటర్లు. "క్యాన్సరా?" అని అడిగాను. "తీసి బయాప్సీకి పంపితేనే తెలుస్తుంది. అవునని చెప్పను, కాదని చెప్పను."

బయట కారిడార్‌లో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ సరోజకు అప్పటి దాకా రక్తం తక్కువుందనే చెప్పాను.

"గొంతు గట్లున్నదేంది?" అంది.

"ఒకటి దొరికింది. మూడు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు. జెజునంల. పదకొండు సెంటీమీటర్ల పేగు తీస్తరట. మిగిలేది ఐదు మీటర్ల ఎనభై తొమ్మిది..."

"అంకెలు బంద్ చెయ్యి. భయమైతుందా లేదా, అది చెప్పు."

ఇంకో అంకె నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"అయితుంది," అన్నాను.

"ఆఁ. ఇప్పుడు నాకు అర్థమైంది," అంది. ఫోన్ పెట్టలేదు.

జనవరిలో ఆపరేషన్. సర్జన్ ఒమానీ ఆయన, నాకు అర్థం కావాలని ఇంగ్లిష్‌లో ఆగి ఆగి మాట్లాడేవాడు. ఆ ముక్క కోసేసి రెండు అంచులూ కలిపి అతికిస్తామన్నాడు. ల్యాప్ ఎంత ఇస్తారని అడిగాను. మేము రెండు రాడ్లు కలిపితే ఒకదాని మీదికి ఒకటి చాలా దూరం తెస్తాం, లేకపోతే అతుకు నిలవదు. ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "నో ల్యాప్. అంచుకు అంచే. శరీరం దాన్ని పెంచుకుంటుంది," అన్నాడు.

నేను నమ్మలేదు. నాలుగో రోజు జ్వరం వచ్చి, పొట్ట డ్రమ్ములా ఉబ్బినప్పుడు నా అతుకు ఊడిందనే అనుకున్నాను. ముక్కులోంచి గొట్టం వేశారు. డాక్టర్లు తలాపున నిలబడి 'లీక్' అన్న మాట రెండుసార్లు అన్నారు. మళ్ళీ సీటీ తీశారు. ఆ గంటన్నరలో నేను చేసిన పని ఒక్కటే, సీలింగ్ పలకలు లెక్కపెట్టడం. అడ్డం తొమ్మిది, నిలువు పద్నాలుగు. మళ్ళీ మొదటి నుంచి.

లీక్ లేదు. పేగు ఇంకా నిద్ర లేవలేదంతే అన్నారు. ఏడో రోజు గ్యాస్ పోయింది. నర్సును పిలిచి మరీ ఆ మాట చెప్పాను. ఖాదర్ భాయ్ మాత్రం, "కడప దాకా ఇనపడింది లేన్నా" అన్నాడు.

ఎనిమిదో రోజు మొదటి మోషన్ అయింది. నల్లగా. టాయ్‌లెట్‌లోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అంతా మళ్ళీ మొదటికొచ్చింది, ఇంకోటి ఎక్కడో మిగిలిపోయింది అనుకున్నాను. ఈసారి మాత్రం కారణం రాయలేదు. నర్సును పిలిచి చూసింది చూసినట్టు చెప్పాను. సర్జన్ వచ్చి, ఆపరేషన్‌కు ముందు లోపల మిగిలిన పాత రక్తమని అన్నాడు. మాట నమ్మను, రక్తపరీక్ష చేయమన్నాను. చేశారు. 9.2. మర్నాడు 9.2. ఆ మర్నాడు 9.3. వరసగా మూడుసార్లు దిగని అంకెను జూలై తర్వాత చూడలేదు.

బయాప్సీ రిపోర్ట్‌కు పదకొండు రోజులు పట్టింది. పేరు గిస్ట్. పేగు గోడలో పుట్టే ఒక రకం ట్యూమర్. అంచుల్లో ఏమీ మిగల్లేదు, కణాలు నెమ్మదిగా పెరిగే రకం, మందులు అవసరం లేదు, 'లో రిస్క్' అన్నారు. "లో అంటే సున్నానా?" అని అడిగాను. "సున్నా అని నేను రాసివ్వలేను. అందుకే ఆరు నెలలకోసారి సీటీ తీస్తాం," అన్నాడు డాక్టర్.

ఆపరేషన్ జరిగి ఇప్పటికి ఏడాది ఎనిమిది నెలలు. మళ్ళీ డ్యూటీలో ఉన్నాను. మొన్నటి హీమోగ్లోబిన్ 13.6. యాభై నాలుగు మెట్లు ఆగకుండా ఎక్కుతాను. ముప్పై ఒకటో మెట్టు మీద మాత్రం కాలు పెట్టగానే గుండె ఒకసారి వినబడుతుంది. మూడు సీటీలు బాగున్నాయి. నాలుగోది ఇంకో నాలుగు నెలల్లో. దానికి ముందు పది రోజులు తిండి సయించదు. రోజూ పొద్దున నీళ్ళు పోసే ముందు చూస్తాను. భయం తగ్గిందని చెప్తే అబద్ధం. నోట్‌బుక్ ఉంది. రిమార్క్స్ గడి మాత్రం గీత కొట్టి తీసేశాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారని మీకై మీరు మీ నలుపుకు కారణం చెప్పుకోకండి. నలుపు పోతుందేమో చూద్దామని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు కూడా. జిగురుగా ఉందా, తారులా ఉందా, వాసన ఎలా ఉంది, ఎప్పటి నుంచి, మాత్రలకు ముందా తర్వాతా, సిగ్గుపడకుండా ఇవి డాక్టర్‌కు చెప్పండి. రెండు స్కోపులూ నార్మల్ వచ్చి కూడా హీమోగ్లోబిన్ దిగుతుంటే, "చిన్నపేగు చూశారా?" అని అడగండి. కళ్ళు తిరిగినా, మాత్ర వేసుకోని రోజు కూడా తారులా నల్లగా వచ్చినా, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. నేను పందొమ్మిది రోజులు లెక్కపెట్టాను. మీరు ఒకటి దగ్గరే ఆపండి.